ఆల్ట్ కోడ్లు నేర్చుకోవాల్నా, వేరే దారి చూసుకోవాల్నా? ₹ ° ½ లాంటి గుర్తులు కొట్టే పద్ధతుల్లో ఎవరికి ఏది సరిపోతాది

"అక్కా, ముక్కాలు గుర్తు యాడుండాది ఈ కీబోర్డులో?" అని మొన్న ఒక ప్లాట్ల మీడియేటర్ మా అంగట్లో సిస్టమ్ ముందర కూర్చోని అడిగినాడు. మాది తిరుపతి బాలాజీ కాలనీలో టైపింగ్, జిరాక్స్ అంగడి. ఆయప్ప పాంప్లెట్ సొంతంగానే కొట్టుకుంటా ఉన్నాడు, 18¾ అంకణాలు (అంకణం అంటే మా పక్క స్థలం కొలత) అని రావాల, ఈయన 18 కొట్టి గ్యాప్ ఇవ్వకుండానే 3/4 కొట్టేసినాడు, అది కాస్తా 183/4 అంకణాలు అని పడింది. అట్లే ప్రింట్ తీసి పంచింటే నూటా ఎనభై మూడు అంకణాలు యాడుండాది సామీ అని ఫోన్ల మీద ఫోన్లు వచ్చేటివి.

ఇట్లాంటోళ్ళు రోజూ వస్తారు. యూనివర్సిటీ పిల్లోళ్ళకి ప్రాజెక్ట్ రిపోర్టులో డిగ్రీ గుర్తు కావాల, సంస్కృతం స్కాలర్లకి అక్షరాల మీద గీతలు కింద చుక్కలు కావాల, కొటేషన్ కొట్టుకునేటోళ్ళకి రూపాయి గుర్తు కావాల, లెక్కల సార్లకి రూటు గుర్తు కావాల. అందరికీ ఒకే జవాబు చెప్తే సరిపోదని నాకు కొన్నేండ్లకి గానీ తెలిసి రాలేదు. ఆల్ట్ కోడ్, అంటే ఆల్ట్ కీ పట్టుకోని నంబరు కొట్టి గుర్తు తెప్పిచ్చే పద్ధతి, చెప్పి పంపిస్తే సాయంత్రానికి ఫోన్ చేసి "అక్కా నాకు రాలేదు" అంటారు, ఎందుకంటే వాళ్ళ ల్యాప్‌టాప్‌లో నంబర్ ప్యాడే లేదు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా ముందు మూడు ప్రశ్నలు అడుగుతా: నీ కీబోర్డుకి కుడి పక్కన నంబర్ ప్యాడ్ ఉండాదా, నువ్వు కొట్టేది వర్డ్ లోనా ఎక్సెల్ లోనా బ్రౌజర్లోనా, ఆ గుర్తు నీకు రోజుకు ఎన్ని సార్లు పడతాది. ఈ మూడు తెలిస్తే ఏ పద్ధతి పట్టుకోవాల్నో దానంతట అదే తేలిపోతాది.

ముందు ఆల్ట్ కోడ్ సంగతి, ఎందుకంటే అందరూ అడిగేది ఇదే, తప్పు చేసేది కూడా ఇందులోనే. నమ్ లాక్ ఆన్ చేసుకోని, ఎడమ చేతి ఆల్ట్ కీ నొక్కి పట్టుకోని, కుడి పక్క నంబర్ ప్యాడ్ మీద 0176 కొట్టి, ఆఖర్లో ఆల్ట్ వదిలితే ° పడతాది. పైన వరసలో ఉండే అంకెలు కొడితే రాదు, నంబర్ ప్యాడ్ మీదివే కొట్టాల. నంబరు మొత్తం అయిపోయేదాకా ఆల్ట్ మీద వేలు తీయకూడదు. చానా మంది మధ్యలో వదిలేసి "పని చేయలేదు" అంటారు.

ఇంక ఆ ముందర సున్నా సంగతి. ఇది తెలియక ఎంత మంది తిప్పలు పడినారో. నెట్‌లో ఒక చోట డిగ్రీకి 248 అని ఉంటాది, ఇంకో చోట 0176 అని ఉంటాది, రెండూ కరెక్టే, రెండూ వేరే వేరే పట్టికల్లోవి. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాంట్లో 256 గుర్తుల పట్టిక ఒకటి ఉండేది, కోడ్ పేజ్ 437 అంటారు, సున్నా లేకుండా కొడితే ఆ పాత కాలం పట్టికలో నుంచి తీసిస్తాది. తర్వాత విండోస్ తన సొంత పట్టిక పెట్టుకుంది, దాని పేరు 1252, ముందర సున్నా పెడితే దాంట్లో నుంచి తీస్తాది. పాత నంబర్లు పోగొట్టకుండా కొత్తవి కూడా పెట్టాలని చేసిన ఏర్పాటు ఇది, ఒకే ఇంటికి ముందు గుమ్మం, పెరటి గుమ్మం మాదిరి.

ఇంతకీ ఏ నంబర్లు నేర్చుకోవాల? నన్నడిగితే సున్నా ఉండేవే. ఎందుకంటే సున్నా లేని పట్టిక అన్ని కంప్యూటర్లలో ఒకే మాదిరి ఉండదు. 437 ఉండే మెషీన్లో 251 కొడితే √ వస్తాది, రీజియన్ సెట్టింగ్ ఇంగ్లండ్ ఇంగ్లీష్ లో ఉండే మెషీన్లో పాత పట్టిక 850 అయి ఉంటాది, ఆడ అదే 251 కొడితే పైకెక్కిన చిన్న ¹ వస్తాది. మా అంగట్లోనే రెండు సిస్టమ్స్ మధ్య ఈ తేడా వచ్చి ఒక లెక్కల సారు ప్రశ్నాపత్రంలో రూటు 16 బదులు ¹16 అని పడింది, ప్రింట్ తీసే ముందర చూసినాము కాబట్టి సరిపోయింది. ° ½ ± ÷ ² మాత్రం ఈ రెండు పాత పట్టికల్లోనూ ఒకే నంబర్లలో ఉండాయి, కాబట్టి వాటికి 248, 171 అని అలవాటైన పాత చేతులు మార్చుకోనక్కర లేదు.

మా మానిటర్ అంచున అతికించిన చీటీలో ఇవి ఉండాయి, కావాలంటే రాసుకోండి: డిగ్రీ ° 0176, ప్లస్ ఆర్ మైనస్ ± 0177, స్క్వేర్ ² 0178, క్యూబ్ ³ 0179, పావు ¼ 0188, అర ½ 0189, ముక్కాలు ¾ 0190, ఇంటూ × 0215, భాగహారం ÷ 0247, బుల్లెట్ చుక్క • 0149, పొడుగు గీత 0151, దానికంటే పొట్టి గీత 0150, కాపీరైట్ © 0169. పావు అర ముక్కాలు మూడూ వరసగా 188, 189, 190 ఉండాయి చూడండి, ఒకటి గుర్తుంటే మూడూ గుర్తున్నట్టే. 176 నుంచి 179 దాకా కూడా అంతే, వరసగా నాలుగు. ప్లాట్ల పాంప్లెట్లు కొట్టేటోళ్ళకి × ² ½ ¾ ఈ నాలుగుతో జీవితం గడిచిపోతాది. 30×40 కొట్టేటప్పుడు ఇంగ్లీష్ అక్షరం ఎక్స్ పెట్టేస్తారు అందరూ, పోతేపోనీలే అనుకుంటాం గానీ పెద్ద సైజు ఫ్లెక్సీలో చూస్తే ఆ తేడా కనపడతాది.

నమ్ లాక్ ఆఫ్‌లో ఉంటే వచ్చే తంటా ఒకటి చెప్పాల. నమ్ లాక్ లేనప్పుడు ప్యాడ్ మీద 4 అంటే ఎడమ బాణం, ఆల్ట్ తో ఎడమ బాణం అంటే బ్రౌజర్లో వెనక పేజీకి పో అని అర్థం. ఏదో ఆన్‌లైన్ ఫారం అరగంట నింపి, ÷ కోసం 0247 కొట్టబోతే పేజీ వెనక్కి పోయి నింపిందంతా గోవిందా గోవింద. అట్ల ఒక పిల్లోడు మా అంగట్లోనే దాదాపు ఏడ్చినంత పని చేసినాడు. అసలు ఆన్‌లైన్ అప్లికేషన్లలో ఈ గుర్తులు పెట్టకపోవడమే మేలు, చానా ఫారాలు స్పెషల్ క్యారెక్టర్లు తీసుకోవు. పాస్‌వర్డుల్లో అయితే మర్చిపోయి కూడా పెట్టొద్దండి, రేపు ఫోన్లో లాగిన్ కావాల్సి వస్తే అది యాడ నుంచి తెస్తారు?

ఇప్పుడు ఆల్ట్ కోడ్‌కి ఉండే పెద్ద గోడ. ఈ నంబర్ల లెక్క 255 దాకానే గట్టిగా నడుస్తాది. యూనికోడ్ అని అన్ని భాషల అక్షరాలకీ గుర్తులకీ నంబర్లు ఇచ్చిన పెద్ద పట్టిక ఉండాది, రూపాయి గుర్తు ₹ దాంట్లో 8377వ నంబరు. వర్డ్‌లో ఆల్ట్ పట్టుకోని 8377 కొడితే ₹ వస్తాది. అదే విండోస్ 10 దాకా వచ్చిన పాత నోట్‌ప్యాడ్‌లో కొడితే ╣ అని రెండు గీతల గుర్తు ఒకటి వస్తాది. ఇదేందబ్బా అని నేను చానా రోజులు అనుకున్నా. లెక్క ఏందంటే పాత పద్ధతికి 256 మించి తెలియదు, 8377లో నుంచి 256లు తీసుకుంటా పోతే చివరికి 185 మిగులుతాది, పాత పట్టికలో 185 అంటే ╣. ముందర సున్నా పెట్టి 08377 కొడితే విండోస్ పట్టికలో 185, అంటే ¹. వాచీలో పదమూడో గంట లేదు కాబట్టి మళ్ళా ఒకటి దగ్గరికి వచ్చినట్టే ఇది కూడా.

తెలుగు అక్షరాలకి కూడా నంబర్లుండాయి, అ అంటే 3077, ఆ అంటే 3078. పాత నోట్‌ప్యాడ్‌లో సరదాకి కొట్టి చూడండి, అ కి ♣ వస్తాది, ఆ కి ♠ వస్తాది. అ ఆ లు దిద్దబోతే కళావరు, ఇస్పేటు చేతికి వచ్చినట్టు. వర్డ్‌లో అయితే కరెక్ట్‌గా అక్షరమే వస్తాది గానీ ఒక్కో అక్షరానికి నాలుగంకెలు కొట్టి తెలుగు రాసేటోడు ఎవడుంటాడు, దానికి ఫొనెటిక్ కీబోర్డు ఉండాది, 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లోకే వచ్చేసింది, దాన్ని పెట్టుకోండి.

సరే, రూపాయికి ఏం చేయాల? ఇక్కడ నాకు రెండో మాట లేదు. ₹ కోసం ఏ కోడూ నేర్చుకోవద్దు, కీబోర్డ్ లేఅవుట్ మార్చుకోండి. టాస్క్‌బార్‌లో కుడి మూల యూఎస్ అని ఉంటే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ లోకి పోయి ఇంగ్లీష్ ఇండియా కీబోర్డ్ యాడ్ చేసుకోండి. తర్వాత కుడి చేతి ఆల్ట్ పట్టుకోని 4 కొడితే ₹, కంట్రోల్ ఆల్ట్ 4 కొట్టినా అదే. వర్డ్, ఎక్సెల్, నోట్‌ప్యాడ్, బ్రౌజర్ యాడైనా పని చేస్తాది, నంబర్ ప్యాడ్ అక్కర లేదు, అక్షరాలన్నీ యూఎస్ కీబోర్డులో ఉన్న చోటే ఉంటాయి. ఇంత సులువు దారి ఉండగా మనోళ్ళు గూగుల్‌లో "రూపీ సింబల్" అని వెతికి కాపీ పేస్ట్ చేసుకుంటా ఉంటారు. గుర్తుకి కేబినెట్ ఒప్పుకున్నది 2010 జూలై 15న, అదే ఏడాది అక్టోబర్‌లో యూనికోడ్ 6.0 లోకి ఎక్కింది. ఆ మధ్య కాలంలో, ఆ తర్వాత కొన్నాళ్ళు కూడా, బ్యాక్‌టిక్ కీ మీద రూపాయి బొమ్మ పెట్టిన ఫాంట్ ఒకటి వాడినాము. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైల్ తెరిస్తే ₹500 బదులు `500 అని కనపడేది. ఇప్పటికీ అప్పటి ఫైళ్ళు పట్టుకోని వచ్చేటోళ్ళు ఉండారు.

ఎక్సెల్‌లో మాత్రం ₹ చేత్తో కొట్టొద్దు. రీజియన్ ఇండియా కాకపోతే ఆ సెల్ అంకె కాకుండా మాటగా పడిపోయే ప్రమాదం ఉండాది, కింద టోటల్ వేస్తే ఆ సెల్‌ని లెక్కలోకే తీసుకోదు. అంకె ఒక్కటే కొట్టి, ఫార్మాట్ సెల్స్‌లో కరెన్సీ కింద ₹ పెట్టుకుంటే గుర్తు కనపడతాది, లెక్క చెడిపోదు. మామిడి సీజన్లో తోతాపురి లోడ్ల లెక్కలు రాసుకునే ఒకాయనకి ఇదే చెప్పినా, ఆయన ప్రతి సెల్‌లో గుర్తు పేస్ట్ చేసుకోని టోటల్ సున్నా వస్తాంది అని కాలుక్యులేటర్ పక్కన పెట్టుకోని కూడుకుంటా ఉన్నాడు పాపం.

వర్డ్‌లోనే జాస్తి పని చేసేటోళ్ళకి ఇంకో పద్ధతి ఉండాది, ఆల్ట్ ఎక్స్. యూనికోడ్ నంబరు కొట్టి వెంటనే ఆల్ట్ పట్టుకోని ఎక్స్ నొక్కితే నంబరు పోయి గుర్తు వస్తాది. ₹ కి 20బి9, ఆ బి ఇంగ్లీష్ బి అనుకోండి. ముందు చెప్పిన 8377నే పదహార్ల లెక్కలో (హెక్స్ అంటారు) రాస్తే ఇట్ల వస్తాది, ఆల్ట్ ఎక్స్‌కి ఈ లెక్కలోనే కొట్టాల. పైన వరసలో అంకెలతోనే కొట్టొచ్చు, కాబట్టి ల్యాప్‌టాప్ వాళ్ళకి బాగుంటాది. నాకు దీంట్లో నచ్చేది వెనక్కి తిప్పడం: ఏదైనా తెలియని గుర్తు పక్కన కర్సర్ పెట్టి ఆల్ట్ ఎక్స్ కొడితే దాని నంబరు చూపిస్తాది, మళ్ళా కొడితే గుర్తు అయిపోతాది. ఎవరో పంపిన ఫైల్లో వింత గుర్తు ఉంటే దాని జాతకం తెలుసుకోవడానికి ఇంతకంటే సులువు లేదు.

దీంట్లో ఒక గుంత ఉండాది, నేను పడినాను కాబట్టి చెప్తాండా. 25° రావాలని 25 కొట్టి, పక్కనే డిగ్రీ నంబరు బి0 కొట్టి, ఆల్ట్ ఎక్స్ నొక్కినా. వర్డ్ ఆ నాలుగూ కలిపి 25బి0 అనుకోని ▰ అని నల్ల బిళ్ళ ఒకటి పెట్టింది. ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా దానికి అంకెలే కాబట్టి ముందర అంకె ఉన్నా ఆ అక్షరాలు ఉన్నా కలిపేసుకుంటాది. గుర్తు నంబరు వరకే మౌస్‌తో సెలెక్ట్ చేసి అప్పుడు ఆల్ట్ ఎక్స్ కొడితే ఈ గొడవ లేదు. టెంపరేచర్లు కొట్టేటోళ్ళకి అయితే ఆల్ట్ 0176 నే మేలు, ఏం ఆలోచించే పని ఉండదు. ఎక్సెల్‌లో ఈ ఆల్ట్ ఎక్స్ నడవదు, అది కూడా గుర్తు పెట్టుకోండి.

సంస్కృతం స్కాలర్ల సంగతికి వస్తా, ఎందుకంటే తిరుపతిలో ఉండి ఈ మాట ఎత్తకపోతే కుదరదు. సంస్కృత విశ్వవిద్యాలయం పిల్లలు, ఎస్వీయూలో చరిత్ర, శాసనాలు చదివే పిల్లలు థీసిస్‌లు తెస్తారు, వాటిల్లో సంస్కృతం మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో రాయాల. దీర్ఘానికి ఏ మీద అడ్డగీత, ష కి ఎస్ కింద చుక్క, ట కి టీ కింద చుక్క. 255 లోపల వీటికి చోటు లేదు. ఏ మీద గీత 257, పాత నోట్‌ప్యాడ్‌లో కొడితే 256 పోయి 1 మిగిలి ☺ వస్తాది, గీత అడిగితే నవ్వుతాది. ఎస్ కింద చుక్క 7779. మూడు వందల పేజీల థీసిస్‌లో ఇట్లాంటివి వేలల్లో ఉంటాయి, ప్రతిదానికీ నాలుగంకెలు గుర్తు పెట్టుకోని కొట్టేదానికంటే కాలినడకన కొండెక్కడం నయం, మెట్ల లెక్క అయినా 3550 అని తెలుసు.

వీళ్ళకి కూడా నేను చెప్పేది ఆ ఇంగ్లీష్ ఇండియా లేఅవుటే. రూపాయి కోసం పెట్టుకున్న ఆ లేఅవుట్‌లోనే కుడి ఆల్ట్ కింద ఇంకో అక్షరాల వరస దాగి ఉండాది, కుడి ఆల్ట్ పట్టుకోని ఏ, ఐ, యూ కొడితే మీద గీతతో వస్తాయి, టీ, డీ, ఎన్ కొడితే కింద చుక్కతో వస్తాయి. ఒక్కో కీ కింద ఏముందో చూడాలంటే విండోస్ ఆన్ స్క్రీన్ కీబోర్డ్ తెరిచి దాంట్లో కుడి ఆల్ట్ నొక్కండి, అక్షరాలన్నీ మారి కనపడతాయి, ఒక ఫోటో తీసుకోని పెట్టుకోండి. నాకు ఇది తెలిసింది ఒక స్కాలర్ పిల్ల వల్లనే, అప్పటిదాకా నేను వర్డ్ ఆటోకరెక్ట్‌లో ఏ పక్కన రెండు చుక్కలు కొడితే గీత వచ్చేట్టు ఒక్కొక్కటీ పెట్టిచ్చేదాన్ని. ఆ పిల్ల వచ్చి "ఇంత ఎందుకక్కా" అని చూపిచ్చింది, నేను గమ్మున కూర్చోని నేర్చుకున్నా.

అయినా ఆటోకరెక్ట్‌ని తీసిపారేయొద్దు. ఒకే గుర్తు, ఒకే మాట పదే పదే పడే పనికి అది చానా ఉపయోగం. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్ లోకి పోయి మీకు నచ్చిన పొట్టి మాట ఎడమ పక్క, గుర్తు కుడి పక్క పెట్టుకోవచ్చు. 1/2 కొట్టి స్పేస్ ఇస్తే ½ అయ్యేది కూడా వర్డ్ తనంతట తాను చేసే పనే. అందుకే చానా మంది "నాకు అర వస్తాది, ముక్కాలు కూడా వస్తాది, ఇంక అరపావు ఎందుకు రాదు" అని అడుగుతారు, వర్డ్ మామూలుగా మార్చేది ¼ ½ ¾ ఈ మూడే, అరపావు ⅛ కావాలంటే 215బి కొట్టి ఆల్ట్ ఎక్స్. ఆటోకరెక్ట్‌కి ఉండే లోపం ఏందంటే అది వర్డ్, ఎక్సెల్ ఉండే ఎమ్మెస్ ఆఫీస్ దాటి బయటికి రాదు, బ్రౌజర్లో పని చేయదు. అన్నిచోట్లా కావాలంటే ఆటోహాట్‌కీ అనే ఫ్రీ ప్రోగ్రామ్ ఉండాది, చిన్న స్క్రిప్ట్ రాసుకుంటే మీరు పెట్టుకున్న పొట్టి మాట యాడ కొట్టినా గుర్తు అయిపోతాది. ఆఫీసు కంప్యూటర్లలో మాత్రం ఇట్లాంటివి ఇన్‌స్టాల్ చేయనీరు.

నెలకి ఒకసారి రెండుసార్లు పడే గుర్తుకి ఇవేమీ వద్దు. విండోస్ కీ పట్టుకోని ఫుల్‌స్టాప్ నొక్కితే ఎమోజీల పెట్టె తెరుచుకుంటాది, దాంట్లో సింబల్స్ అని ఒక ట్యాబ్ ఉండాది, అది కూడా 2019 మే అప్‌డేట్‌తోనే వచ్చింది. మౌస్‌తో వెతుక్కోని నొక్కితే సరి. అదీ లేని పాత సిస్టమ్ అయితే రన్‌లో చార్‌మ్యాప్ అని కొట్టండి, క్యారెక్టర్ మ్యాప్ వస్తాది, విండోస్ 3.1 కాలం నుంచి ఉండాది అది, ముసలిదైనా పని మానలేదు. గుర్తు మీద నొక్కితే చానా వాటికి దాని ఆల్ట్ నంబరు కింద కుడి మూల చూపిస్తాది, ఆ నంబరు చీటీలో రాసుకుంటే తర్వాతసారి తెరిచే పని ఉండదు. నేను నా చీటీ తయారు చేసుకున్నది అట్లనే. గూగుల్ డాక్స్ వాడేటోళ్ళకి ఇన్సర్ట్‌లో స్పెషల్ క్యారెక్టర్స్ ఉండాది, పేరు తెలియని గుర్తుని మౌస్‌తో గీస్తే అది పోల్చుకోని చూపిస్తాది, మా అంగట్లో చిన్న పిల్లోళ్ళకి దానితో ఆడుకోవడం బలే ఇష్టం.

ఇంకో ఉపాయం విండోస్ కీ తో వీ. ఇది కాపీ చేసినవన్నీ దాచిపెట్టే క్లిప్‌బోర్డ్ హిస్టరీ, మొదటిసారి నొక్కినప్పుడు ఆన్ చేసుకోవాల. దాంట్లో ఒక గుర్తుని పిన్ చేసి పెడితే కంప్యూటర్ ఆపి మళ్ళా పెట్టినా ఉంటాది. మీకు రెండు మూడు గుర్తులే కావాలంటే ఇది చాలు. కాకపోతే బయట అంగళ్ళలో దీన్ని ఆన్ చేసుకోవద్దు, మీరు కాపీ చేసిన ఆధార్ నంబరు, పాస్‌వర్డు వెనక వచ్చినోడికి కనపడతాయి.

నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళు ఆల్ట్ కోడ్ మీదే మనసు పెట్టుకోని ఉంటే ఒకసారి కీబోర్డ్ దగ్గరగా చూడండి. పాత మోడళ్ళలో యూ, ఐ, ఓ కీల మీద చిన్నగా 4, 5, 6, జే, కే, ఎల్ మీద 1, 2, 3, ఎమ్ మీద 0 రాసి ఉంటాది, ఎఫ్‌ఎన్ పట్టుకోని కొట్టాల. ఇప్పుడొచ్చే వాటిల్లో చానా వాటికి అది కూడా తీసేసినారు. యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా దొరుకుతాది, గాంధీ రోడ్డు పక్క వెతికినా, ఆన్‌లైన్లో తెప్పిచ్చుకున్నా పెద్ద ఖర్చేం కాదు, అకౌంట్స్ పని చేసేటోళ్ళకి ఎట్లాగూ పనికొస్తాది. గుర్తుల కోసమే అయితే కొనొద్దు, డబ్బులు దండగ.

తెలుగులో టైప్ చేసేటోళ్ళకి ఒక గుర్తు గురించి చెప్పాల, అది కంటికి కనపడని గుర్తు. సాఫ్ట్‌వేర్ అని కొడితే చూడండి, ట కింద వ ఒత్తు పడి సాఫ్ట్వేర్ అని వస్తాది. విడదీయాలంటే పొల్లు తర్వాత ఒక కనపడని అడ్డం పెట్టాల, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. యూనికోడ్ నంబరు 200సి, వర్డ్‌లో ఆల్ట్ ఎక్స్ తో వస్తాది. అంకెల్లో 8204, పాత నోట్‌ప్యాడ్‌లో ఇదీ పాత కథే, 12 మిగిలి ♀ వస్తాది. తెలుగు పాంప్లెట్లు కొట్టేటోళ్ళు దీన్ని క్లిప్‌బోర్డ్‌లో పిన్ చేసి పెట్టుకోండి, కాకపోతే పిన్ చేసింది ఖాళీగా కనపడతాది, ఖాళీ కదా అని డిలీట్ చేసుకుంటారు జాగ్రత్త. నేను రెండుసార్లు చేసినా.

పాత డీటీపీ ఫాంట్లలో పని చేసినోళ్ళకి ఆల్ట్ కోడ్లు ఇంకో మాదిరి గుర్తుంటాయి. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ కాదు, ఇంగ్లీష్ అక్షరాల చోట తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి, కొన్ని ఒత్తులు, గుణింతాల ముక్కలు 128 పైన ఉండే చోట్లలో ఉండేవి, వాటిని ఆల్ట్ సున్నా పెట్టి కొట్టేది. పేజ్‌మేకర్‌లో పెండ్లి పత్రికలు కొట్టినోళ్ళ చేతులకి ఆ నంబర్లు ఇప్పటికీ వస్తాయి. కానీ ఆ ఫైల్ నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే వరుడి పేరు స్థానంలో పౌండు గుర్తులు, డాలర్లు పడతాయి, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అక్కడ ఉన్నది ఆ గుర్తులే, తెలుగు అనేది ఫాంట్ వేసుకున్న వేషం. కొత్తగా మొదలుపెట్టేటోళ్ళు ఆ నంబర్ల జోలికి పోవద్దు.

లైనక్స్ వాడేటోళ్ళు కంట్రోల్ షిఫ్ట్ యూ కొట్టి 20బి9 కొట్టి ఎంటర్ నొక్కితే ₹ వస్తాది, చానా ప్రోగ్రాముల్లో నడుస్తాది. మ్యాక్‌లో ఆప్షన్ షిఫ్ట్ 8 కొడితే డిగ్రీ, కంట్రోల్ కమాండ్ స్పేస్ కొడితే గుర్తుల పెట్టె. ఫోన్లో అయితే సింబల్స్ పేజీలో 1 మీద వేలు అట్లే పెట్టి ఉంచండి, గూగుల్ కీబోర్డులో ½ ¼ బయటికి వస్తాయి, మీకు మీరే వాట్సాప్ పంపుకోని కంప్యూటర్లో కాపీ చేసుకున్నా ఎవరూ ఏమనరు.

ఆ మీడియేటర్‌కి ఏం చెప్పినాననేది మిగిలింది కదా. ఆయప్పకి ఇంట్లో డెస్క్‌టాప్, నంబర్ ప్యాడ్ ఉండాది, కొట్టేది పాంప్లెట్లే, రోజుకి పది ఇరవై సార్లు అవే గుర్తులు. అందుకని నాలుగే నాలుగు ఆల్ట్ నంబర్లు చీటీలో రాసిచ్చి, రూపాయి కోసం ఇంగ్లీష్ ఇండియా కీబోర్డ్ ఎట్ల పెట్టుకోవాల్నో చూపిచ్చి పంపినా. రెండు రోజులకి ఫోన్ చేసి "అక్కా, అన్నీ వస్తాండాయి, ఇంటూ మాత్రం రావడం లేదు" అన్నాడు. ఏం కొడతాండావు అని అడిగితే 215 అంట. ముందర సున్నా పెట్టు సామీ అని చెప్పినా.